పొగ లేని గాలి

నరసరావుపేట,
18-2-1986

చిరంజీవి రాఘవమ్మకు,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం నా అలవాటు. ఈసారి ఆ మాట దగ్గర కలం ఆగింది. మీ బావ బాగున్నారు, నేను బాగున్నాను. కోటేశ్వరి బాగాలేదు.

అమ్మకున్న ఉబ్బసమే దానికీ వచ్చిందని నీకు తెలుసు. ఇన్నాళ్ళూ ఏదో నెట్టుకొచ్చాం. ఇప్పుడు అది నడుస్తున్న తీరు నాకు అంతుపట్టడం లేదు. అందుకే రాస్తున్నాను.

మా ఇల్లు లారీల స్టాండు వెనకే కదా. తెల్లవారకముందే డ్రైవర్లు ఇంజన్లు స్టార్టు చేసి వేడెక్కనిస్తారు. దండెం మీద బట్టలు నల్లబడేంత పొగ. ఆ పొగలో కోటి దగ్గుతుంది, విసుక్కుంటుంది, జడ వేయించుకుని బడికి పోతుంది. ఆయాసం మాత్రం రాదు. మధ్యాహ్నానికి లారీలన్నీ రాళ్ళకీ సున్నానికీ వెళ్ళిపోతాయి. స్టాండు ఖాళీ. ఆకాశం కడిగిపెట్టినట్టుంటుంది. వస్తే అప్పుడు వస్తుంది. మొన్న బడి నుంచి దాని స్నేహితురాలు సాజిదా, ఇంకో పిల్లా చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చారు. పెదాలు నీలం తిరిగిపోయాయి.

నా సంగతి నీకు తెలుసుగా, ఏదీ గుర్తుపెట్టుకోకుండా వదలను. పుష్యమాసంలో ఎప్పుడో ఒకసారి వచ్చేది. మాఘం వచ్చి ఎండ ముదిరేకొద్దీ దగ్గర దగ్గరగా వస్తోంది. మబ్బు పట్టిన రోజు రాదు. దిష్టి తీశాం. మౌలాలీ సాహెబు తాయెత్తు కట్టాడు. డాక్టరు గోపాలకృష్ణయ్యగారు సూది వేసి, "గాలి బాగా తగలనివ్వండమ్మా" అన్నారు. తగలనిస్తూనే ఉన్నాను.

పొగంటే నాకు భయం లేదు, రాఘవా. కనిపిస్తుంది, తలుపు వేసుకుంటాం. కనిపించనిది ఏదో పట్టపగలు మా ఇంట్లోకి వచ్చి నా బిడ్డ గుండెల మీద కూర్చుంటోంది. నువ్వు కాలేజీలో పిల్లలకి వాయువుల గురించే కదా పాఠం చెబుతావు. నీకేమైనా తెలిస్తే రాయి. తెలియకపోతే తెలియదనే రాయి. ధైర్యం చెప్పడానికి మాత్రం రాయొద్దు.

మీ అక్క
సుబ్బరత్నం

 

హైదరాబాదు,
27-2-1986

అక్కా,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. ధైర్యం చెప్పొద్దన్నావు కనక అనుమానమే రాస్తున్నాను.

ఓజోను అని ఒక వాయువుంది. ఆకాశంలో చాలా పైన ఉంటే మనకది గొడుగు. నేల మీద, ముక్కు ముందు ఉంటే ఊపిరితిత్తులకి పుండు మీద కారం. అది ఏ గొట్టంలోంచీ రాదు. లారీల పొగలోని వాయువులు, పెట్రోలు నుంచీ రంగుల నుంచీ కాలే చెత్త నుంచీ లేచే ఆవిర్లు, ఇవన్నీ కలిసినచోట ఎండ పడితే గాల్లోనే తయారవుతుంది. అందుకే పొద్దున ఉండదు. మధ్యాహ్నం పెరుగుతుంది, పొద్దుగూకాక తగ్గుతుంది. మబ్బు పడితే తయారు కాదు. ఎండలు ముదిరితే జోరు. నువ్వు రాసిన తీరు దీనికి సరిపోతోంది. అంతమాత్రాన ఇదేనని అనలేను.

దీన్ని పట్టుకోవడానికి పాతకాలపు పద్ధతి ఒకటుంది. రిజిస్టరు పార్సెల్లో చిన్న గోధుమరంగు సీసా పంపుతున్నాను. అందులో పొటాషియం అయొడైడు ఉంది. బట్టలకి పెట్టే సగ్గుబియ్యం గంజి పలచగా కాచి, చల్లారాక సీసాలో పొడి చిటికెడు అందులో కలుపు. అద్దుడు కాగితం ముక్కలు అందులో ముంచి చీకటి గదిలో ఆరబెట్టు. పొద్దున ఒక ముక్క తడిపి నీడలో వేలాడదియ్యి, ఎండ తగలకూడదు. సాయంత్రం మళ్ళీ నీళ్ళలో ముంచి చూడు. ఓజోను ఉంటే ఊదా తిరుగుతుంది. ఎంత ఉంటే అంత ముదురు. లారీ పొగలో ఉండే ఇంకో వాయువుకి కూడా కొంచెం రంగు వస్తుంది, కాబట్టి ఇది కచ్చితమైన కొలత కాదు.

రంగు వస్తే మాత్రం ఆలోచించకు. కోటిని లారీలకి దూరంగా తీసుకెళ్ళు. బావగారి అక్క వెల్దుర్తిలో ఉన్నారు కదా. మెట్ట చేలు, పెద్ద వాకిలి, పొగ లేని గాలి. ఎండలు తగ్గేదాకా అక్కడే ఉంచు.

నీ చెల్లెలు
రాఘవ

 

నరసరావుపేట,
20-3-1986

రాఘవా,

సీసా అందింది. నువ్వు చెప్పినట్టే చేశాను. మొదటి కాగితాన్ని తెలివితక్కువగా దండెం మీద ఎండలో వేశాను, అది లెక్కలోకి రాదు. తర్వాత వంటింటి చూరు కింద కట్టాను. మొదట్లో వంకాయ పువ్వు రంగు, అదీ నీళ్ళు కలిపినంత లేతగా. శివరాత్రి వెళ్ళాక అసలు వంకాయ పువ్వు. నిన్న ఇంకొంచెం చిక్కన. సాయంత్రం ఆ ముక్కని పళ్ళెంలో నీళ్ళలో వేస్తే రంగు మెల్లగా పైకి తేలుతుంది. ఇన్నాళ్ళూ లోపలికి వస్తున్నది తన మొహం చూపిస్తున్నట్టుంటుంది.

మీ బావ ఆ కాగితాన్ని వెలుగులో పెట్టి చూసి, "ఇదేనంటే లారీలన్నీ నేనే తగలబెడతా" అన్నారు. ఆయన తినే తిండి ఆ లారీల మరమ్మతుల మీద వచ్చేదే. తర్వాత ఆయనే, "మా అక్క దగ్గరికి తీసుకుపో" అన్నారు. ఎల్లుండి బయల్దేరుతున్నాం.

ఈ ఏడు కోటప్పకొండ తిరనాళ్ళకి కోటి రాలేకపోయింది. ప్రభలు మా వీధిలోంచి పోతుంటే కిటికీ దగ్గర కూర్చుని చూసింది. చూసి చప్పట్లు కొట్టలేదు. చేతులు ఎత్తితే ఊపిరి అందదని నాకు చెప్పకుండా ఊరుకుంది.

రత్నం

 

వెల్దుర్తి,
4-4-1986

చిరంజీవి రాఘవమ్మకు,

మేము క్షేమంగా చేరాము. ఇక్కడ అంతా బాగుంది. రోశమ్మ వదిన కోటిని కళ్ళల్లో పెట్టుకుని చూస్తోంది. పొద్దున్నే గేదెపాలు, రాత్రికి జొన్నసంగటి. వాకిట్లో పెద్ద వేపచెట్టు. ఆ నీడలో నులకమంచం వేసి పగలంతా పిల్లని అక్కడే పడుకోబెడుతోంది. ఊపిరాడనివాళ్ళని నాలుగు గోడల మధ్య ఉంచకూడదని ఈ వైపు గట్టి పట్టింపు. మధ్యాహ్నం ఆగ్నేయం నుంచి గాలి తిరుగుతుంది. వడకొడుతున్నా గాలి గాలే కదా. లారీ మోత లేదు, పొగ వాసన లేదు.

వదిన ఇప్పుడు నా పక్కనే కూర్చుని ఉంది. "మా ఊరి గాలికి నీ కూతురు నెలలో పరిగెత్తుద్దని రాయి" అంటోంది. రాశాను.

కాగితాలు వెంట తెచ్చుకున్నాను. ఒక్క సంగతి అడగాలి. గంజి ఎక్కువ చిక్కగా కాస్తే రంగు ముదురుగా వస్తుందా? ఇక్కడ కాగితాలు నేరేడు పండు రంగు తిరుగుతున్నాయి.

మీ అక్క
సుబ్బరత్నం

 

హైదరాబాదు,
9-4-1986
ఎక్స్‌ప్రెస్ డెలివరీ

అక్కా,

ఇది చదవగానే కోటిని ఆ వేపచెట్టు కింద నుంచి లోపలికి తీసుకెళ్ళు. మిగతాది తర్వాత చదువు.

గంజి వల్ల కాదు. తప్పు నాది. నీ ఉత్తరం చూసి యూనివర్సిటీ లైబ్రరీకి పరిగెత్తి పత్రికలు తిరగేశాను. పంపే ముందు చేయాల్సిన పని అది. లారీ గొట్టంలోంచి అప్పుడే వచ్చిన పొగలో ఉండే ఒక వాయువు, ఓజోను కనబడితే అక్కడికక్కడే తినేస్తుంది. అందుకే పొగ చిక్కగా ఉన్నచోట ఓజోను తక్కువ. ఆ గాలి ఊరు దాటి ఎండలో మైళ్ళకొద్దీ ప్రయాణం చేస్తుంది. తినేది అయిపోతుంది, తయారయ్యేది తయారవుతూనే ఉంటుంది. తోడు వేసిన పాలబిందె నెత్తిన పెట్టుకుని పొరుగూరికి బయల్దేరామనుకో. బయల్దేరినచోట మూత తీసి చూస్తే పాలే. చేరేసరికి పెరుగు. ఎండాకాలం తొందరగా తోడుకుంటుంది, చలికి ఆలస్యం, ముసురులో తోడుకోదు. చిలకలూరిపేట రోడ్డు, మన ఊరు, సున్నపు బట్టీలు, వీటన్నిటి గాలీ మధ్యాహ్నం మీ వైపే తిరుగుతోందని నువ్వే రాశావు. వెల్దుర్తి పెరుగు తోడుకునే చోటు. నేను చూపించి మరీ అక్కడికి పంపాను.

ఎండ ఎక్కాక కోటిని గోడలు మందంగా ఉన్న గదిలో ఉంచి, తలుపులూ కిటికీలూ మూసేయి. సందుల్లో గుడ్డలు కుక్కు. ఈ వాయువు గోడలకీ గుడ్డలకీ తగిలితే విరిగిపోతుంది, మూసిన గదిలో ఎక్కువసేపు నిలవదు. పొద్దు వాలి వేడి తగ్గాక తెరువు. రాత్రి బయట పడుకోబెట్టు, ఫరవాలేదు. ఇప్పుడు ప్రయాణం వద్దు. బస్సులో ఆ ఎండలో రావడం ఇంకా ప్రమాదం.

అందరూ నిన్ను తప్పు పడతారు. పట్టనీ.

రాఘవ

 

వెల్దుర్తి,
19-4-1986

రాఘవా,

వదిన పొలానికి వెళ్ళింది. ఈ ఉత్తరం చదివి వినిపించమనేవాళ్ళు లేరు. ఇప్పుడు నిజం రాస్తాను.

ముందు ఉత్తరంలో అంతా బాగుందని రాశాను. ఆ రోజుకే కోటి పడుకోవడం మానేసింది. మోకాళ్ళ మీద దిండు పెట్టుకుని, దాని మీద తల ఆనించి కూర్చునేది. మెడ దగ్గర గుంట ప్రతి ఊపిరికీ లోపలికి పోయేది. తన ఇంట్లో పిల్లకి ఎక్కువైందనే మాట వదిన చెవిన పడితే తట్టుకోలేదని నేను కాగితం సంగతి మాత్రమే రాశాను. నా మర్యాద కోసం నా బిడ్డని ఇంకో వారం ఆ చెట్టు కింద ఉంచాను.

నీ ఉత్తరం ఎండ నెత్తికెక్కే వేళకి వచ్చింది. నిలబడే చదివాను. ఈ ఇంట్లో మందపాటి మట్టిగోడల గది ఒక్కటే ఉంది, కిటికీ లేని ధాన్యపు కొట్టు. అందులో మిరపకాయ బస్తాలు. నేనొక్కదాన్నే చేతనైనన్ని బస్తాలు ఈడ్చి వసారాలో వేసి, తడిగుడ్డతో నేల తుడిచి, కోటిని లేపాను. వదిన పరిగెత్తుకొచ్చింది.

"ఏమే రత్నం, ఏంది నువ్వు జేసే పని? కాయలు బయటేసి పిల్లని కొట్లో పెడతావా?"

"ఈ గాలి దానికి పడట్లేదు వదినా."

"గాలి పడకపోవటమేంది! మా ఊరి గాలికేం పుట్టింది? మీ డీజిలు కంపుకంటే అన్నేయమా?"

చెల్లెలు రాసింది అన్నాను. "ఆమె ఐదరాబాదులో కూకోని రాస్తే ఈడ పిల్ల ఊపిరి ఆడుద్దా?" అంది. నేను కోటిని లోపలికి తీసుకెళ్ళి, తలుపు వేసి, గడప సందులో చీర కుక్కి, బయట గడప మీద కూర్చున్నాను.

చీకటికి భయపడింది కోటి. ఆయాసం తగ్గలేదు, ఎక్కువైంది. లోపలి నుంచి ఈల వేసినట్టు శబ్దం. "అమ్మా, తియ్యి. తియ్యమ్మా" అంటోంది. ఆ మాట కూడా ఒక్క ఊపిరికి రావడం లేదు, రెండు ముక్కలుగా వస్తోంది. వీధిలో జనం చేరారు. మందులిచ్చే పిచ్చియ్య వచ్చి, సూది వేయాలి, బయటికి తీసుకురమ్మన్నాడు. లోపలే వేయమన్నాను. "చీకట్లో నరం కనబడొద్దా అమ్మా? గాలి లేకుండా చంపుతావా పిల్లని?" అన్నాడు. లాంతరు వెలిగించి ఇచ్చాను. అతను లోపలికి వెళ్ళి సూది వేసి వచ్చేంతసేపు మాత్రం తలుపు తీశాను.

వదిన నా జబ్బ పట్టుకుని లాగింది. "లెగువే. అది మా తమ్ముడి బిడ్డ. నీకు బుద్ధి పోతే మాకు పోలా!" నేను లేవలేదు. వీపు తలుపుకి ఆనించి కూర్చున్నాను. ఆ తలుపు వెనక దాని ఊపిరి నా వెన్నుకి తెలుస్తోంది.

నిన్నొకటి అడుగుతాను, కోప్పడకు. ఆ సమయంలో నా మనసులో తిరిగిన మాట ఇది. రాఘవ మొదటి ఉత్తరంలో రాసింది తప్పయింది. రెండోది ఒప్పని నాకెవరు చెప్పారు? నువ్వు మంచిదాన్నని నమ్ముతాను. కానీ నా బిడ్డని రెండు పేజీల కాగితం మీద పెట్టి తలుపు వేశాను. ఇది కూడా తప్పయితే, తలుపు తీసేసరికి ఏం ఉంటుంది? లేచి తీద్దామని మోకాళ్ళ మీదికి వచ్చాను కూడా.

నన్ను ఆపింది పక్కింటి హజ్రా బీ. తడిపిన గోనెపట్టా తెచ్చి తలుపు మీద పరిచి, జనం వైపు తిరిగి, "తల్లి కూర్చుంది కదా. మీరెందుకు నిలబడ్డారు? మీ ఊపిరి సెగ తప్ప పిల్లకి ఒరిగేదేముంది?" అంది. ఎవరో నవ్వారు. ఆ నవ్వుకి నేను మళ్ళీ కూర్చున్నాను.

ఈల శబ్దం సన్నబడింది. నాకు ఇంకా భయం వేసింది. ఆగిపోతోందేమోనని. పిలిస్తే పలకలేదు. రెండోసారి పిలిస్తే, "నిద్రొస్తందమ్మా, ఊరికే పిలవమాక" అంది. ఒక్క ఊపిరికి అంది, రాఘవా. మధ్యలో తెగలేదు.

ఆ రోజు నుంచి ఎండ ఎక్కగానే కొట్టు. ఆయాసం పూర్తిగా పోలేదు. కానీ పడుకుంటోంది. వదిన నాతో మాట్లాడదు. అయితే నిన్న నేను బావి దగ్గర నుంచి వచ్చేసరికి మిగిలిన బస్తాలు ఆవిడే మోసి బయటికి చేరుస్తోంది. కోటిని చూడ్డానికి ఎవరో ఆడవాళ్ళు వస్తే గడప మీద చేతికర్ర పట్టుకుని కూర్చుని, "పిల్లకి మజ్జాన్నం గాలి పడదంట. మీ పరామర్శలు సీకటి పడ్డాక చేసుకోండి" అని తోలేసింది.

బయట కాగితం ఇంకా నేరేడు పండే. కొట్లో కట్టింది మాత్రం తెల్లగా ఉంది.

రత్నం

 

హైదరాబాదు,
26-4-1986

అక్కా,

నీ ప్రశ్నకి కోప్పడలేదు. ఎక్స్‌ప్రెస్ ఉత్తరం పోస్టు చేశాక, నువ్వు నమ్మవేమోనని ఒక భయం, నమ్ముతావేమోనని ఇంకో భయం. నేను చదివిందంతా ఎక్కడో దూరదేశాల కొలతలు. మన ఎండకీ మన గాలికీ కొలిచినవాళ్ళు నాకు దొరకలేదు. నీ దగ్గరున్న కాగితం ముక్కలే నాకూ ఆధారం.

ఈ వాయువు ఒక్కటే కారణం అనుకోకు. మిరప ఘాటు, దుమ్ము, చేల పుప్పొడి, ఏది తోడైనా ఉబ్బసం రేగుతుంది. బస్తాలు బయటికి వెళ్ళడమూ కలిసొచ్చి ఉండొచ్చు.

నోటితో పీల్చే మందు ఇక్కడ దొరికింది. వాడే తీరు డాక్టరుని అడిగి కాగితం మీద రాయించాను, దానితోపాటు పంపుతున్నాను. ముందు ముందు ఎండలు ఇంకా ముదురుతాయి. మొదటి వాన పడేదాకా ఆ తలుపు అలాగే ఉంచు. రోశమ్మగారికి నా నమస్కారాలు. ఆవిడ తిట్లకి కూడా.

రాఘవ

 

నరసరావుపేట,
30-6-1986

రాఘవా,

మృగశిర నాలుగు చినుకులు రాల్చి పోయింది. ఆరుద్ర మాత్రం విడవకుండా కురిసింది. రెండో వాన వెలిశాక బయట కట్టిన కాగితాన్ని పళ్ళెంలో వేసి చూస్తూ కూర్చున్నాను. రంగు రాలేదు. ఇంకాసేపు చూశాను. రాలేదు. వదిన వెనక నుంచి చూసి, "సచ్చిందా ముండాగాలి?" అంది. వెల్దుర్తి వచ్చాక నేను నవ్వింది అప్పుడే.

మర్నాడే బస్సెక్కాం. మందు పనిచేస్తోంది. కోటి అన్నం తింటోంది, మెట్లెక్కుతోంది, నాకు ఎదురుచెబుతోంది.

నేను మాత్రం మధ్యాహ్నం తలుపులు తీయడం లేదు. వాన పడుతున్నా తీయడం లేదు. పదో తరగతి మొదలైంది. పొద్దున బడికి పంపి, అన్నం బెల్లుకి నేనే వెళ్ళి తీసుకొచ్చేస్తున్నాను. హెడ్మిస్ట్రెస్ మరియమ్మగారితో మాట్లాడి ఒప్పించాను. మబ్బు విడిచి నీలం కనబడితే చాలు, తలుపు గడియ మళ్ళీ చూసుకుంటాను. ఇదివరకు నీలాకాశం చూస్తే వడియాలు పెట్టుకోవచ్చని సంబరపడేదాన్ని.

మొదటి వాన దాకా అన్నావు, ఆ తర్వాత ఎంత జాగ్రత్త అవసరమో నువ్వు రాయలేదు. అడగాలని నాకూ అనిపించలేదు. మూసి ఉంచితే పోయేదేం లేదు కదా.

రత్నం

 

నరసరావుపేట,
11-8-1986

పిన్నీ,

ఇది అమ్మకి తెలియకుండా రాస్తున్నాను. సాజిదా వాళ్ళ నాన్న అబ్దుల్ జబ్బార్ గారు పోస్టు చేస్తారు.

నువ్వు కెమిస్ట్రీ చదవకుండా ఏ మ్యూజిక్కో నేర్చుకుని ఉంటే బాగుండేది. నేను బతికినందుకు నీకు థాంక్సే. కానీ ఇప్పుడు నేను ఊరగాయ జాడీలో ఉన్నాను. మూత మీద గుడ్డ, గుడ్డ మీద తాడు. మధ్యాహ్నం లెక్కలూ సైన్సూ రెండూ పోతున్నాయి. సాజిదా నోట్సు తెచ్చిస్తుంది గానీ దాని చేతిరాత దానికే అర్థం కాదు. క్లాసులో నన్ను "కొట్టు కోటి" అంటున్నారు. వెల్దుర్తి సంగతి వీళ్ళకెలా తెలిసిందో!

జూన్ నుంచి నాకు ఆయాసం రాలేదు. ఒక్కసారి వచ్చింది, అదీ నవ్వి నవ్వి. నాన్న అమ్మతో, "నువ్వు కూడా ఓ కాగితం మెళ్ళో కట్టుకోవే, నీకే రంగు ఎక్కువ తిరుగుతుంది" అన్నారు. అమ్మ నవ్వలేదు.

నాకు భయం వేసే సంగతి ఒకటి చెప్తాను. నేను నిద్రపోతున్నాననుకుని అమ్మ నా మంచం పక్కన నిలబడి నా ఊపిరి వింటుంది. వినపడటం కోసం తను ఊపిరి ఆపుకుంటుంది. చాలాసేపు ఆపుకుంటుంది పిన్నీ. కళ్ళు మూసుకుని నేను దాని కోసం ఎదురుచూస్తాను, అమ్మ ఎప్పుడు వదులుతుందా అని.

కొట్లో ఉన్నప్పుడు తలుపు తియ్యమని అడిగాను. అమ్మ తియ్యలేదు, అది మంచిదైంది. ఇప్పుడు కూడా తియ్యమని అడుగుతున్నాను. ఇప్పుడూ తియ్యట్లేదు. ఏది ఎప్పుడో అమ్మకి నువ్వు చెప్తేనే వింటుంది.

నీ
కోటేశ్వరి

 

హైదరాబాదు,
19-8-1986

అక్కా,

నేను నీకు భయపడాల్సిన కాలం చెప్పాను. భయపడక్కర్లేని కాలం చెప్పలేదు. సగం పాఠం చెప్పి వదిలేశాను. మిగతా సగం ఇది.

నువ్వు అనుకుంటున్నట్టు కాదు, దీనికి ఎండ ఒక్కటే చాలదు. పదార్థాలు గాల్లో పోగుపడాలి, గాలి మందగించాలి, ఎండ రోజంతా విడవకుండా కాయాలి. వానాకాలంలో మధ్యలో కాసే ఎండ అలాంటిది కాదు. వాన గాలిని కడుగుతుంది, పడమటి గాలి నిలవనివ్వదు, పోగుపడేలోపే మళ్ళీ మబ్బు. ఆశ్వయుజం దాటాక వానలు తగ్గుతాయి, చేలల్లో చెత్త తగలబెడతారు, గాలి స్తంభిస్తుంది. అప్పుడు కాగితం మళ్ళీ కాస్త రంగు తిరగొచ్చు. మార్గశిర, పుష్యాల్లో ఎండ బలం లేక నెమ్మదిస్తుంది. మాఘం నుంచి జ్యేష్ఠం దాకా అసలు గండం. అప్పుడు మధ్యాహ్నాలు మూసుకో, నేనే వచ్చి గడప మీద కూర్చుంటాను. ఇప్పుడు తెరువు.

ప్రమాదం లేదని రాయలేను. ఉబ్బసం ఉన్న పిల్ల విషయంలో ఎవరూ ఆ మాట రాయలేరు. తక్కువ అని రాస్తాను. అంతకంటే పెద్ద మాట అడగకు నన్ను.

ఇంకో మాట. రాత్రిళ్ళు దాని మంచం దగ్గర నిలబడినప్పుడు నువ్వు కూడా ఊపిరి తీసుకో, అక్కా.

రాఘవ

 

నరసరావుపేట,
3-9-1986

రాఘవా,

నీ ఉత్తరం వచ్చిన రోజే జవాబు రాశాను. "నీకు పిల్లలుంటే ఇంత తేలిగ్గా తెరువు అని రాయవు" అని రాశాను. చదువుకుని చించేశాను. అయినా ఆ మాట నా మనసులోకి వచ్చిందని నీకు చెబుతున్నాను, దాచుకుంటే ఇంకా పెద్దదవుతుంది.

చివరి మాట చూసి కోటి నీకు రాసిందని అర్థమైంది. దాన్ని అడగలేదు. ఆ రాత్రి మంచం దగ్గర నిలబడ్డాను. ఊపిరి బిగబట్టే ఉన్నానని తెలిసి వదిలాను. మూసుకున్న కళ్ళతోనే అది, "హమ్మయ్య" అంది.

మర్నాడు అన్నం బెల్లుకి నేను బడికి వెళ్ళలేదు. వంట చేశాను, గిన్నెలు తోమాను, తోమిన గిన్నెలు మళ్ళీ తోమాను. అది సాయంత్రం వచ్చింది. పుస్తకాలు విసిరేసి, "ఆకలే అమ్మా" అంది. గోడ పట్టుకుని నిలబడి చూశాను. మెడ దగ్గర గుంట కదలడం లేదు. ఆ రోజు నుంచి పూర్తి బడికి వెళుతోంది. నా భయం తగ్గిందని అనుకోకు. బడి బెల్లు మా వీధికి వినపడుతుంది. ప్రతి బెల్లుకీ చేతిలో పని ఆగిపోతుంది.

మాఘం వస్తుంది. అప్పుడు నువ్వు రావాలి, మాట ఇచ్చావు. రోశమ్మ వదిన కూడా వస్తానంటోంది. "ఇద్దరు కాపలాకి చాలరు, నేనొచ్చి తలుపుకి అడ్డం పడుకుంటా" అని కబురు పంపింది. మీ బావ, "ఇంత మంది ఆడవాళ్ళని చూస్తే గాలే పారిపోద్ది" అన్నారు.

ఇవాళ సెలవు. రాత్రి కురిసి పొద్దున్న వెలిసింది. ఇప్పుడు మధ్యాహ్నం, ఎండ బాగా కాస్తోంది, ఆకాశం ఎక్కడా మచ్చ లేదు. కోటి చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి, "పోస్టు డబ్బా తీసే వేళయింది, ముగించవే అమ్మా" అని తొందరపెడుతోంది. సాయంత్రం నాన్న వేస్తారులే అని చెప్పబోయాను. నోటి దాకా వచ్చింది.

కవరు అంటించి దాని చేతికే ఇచ్చి పంపుతున్నాను.

మీ అక్క
సుబ్బరత్నం